ఆదెమ్మ ఎలా ఉందన్నారు?

దయ్యాల మాట ఎత్తితే నవ్వే ఇంట్లో పుట్టాను నేను. మా నాన్నగారు దేవదానం గారు కొల్లేటి లంకలో చర్చి ఉపదేశి. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర ఉంటారు, ఇటు తిరిగి రారు, వాళ్లకి ఇక్కడేం పని అనేవారు. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, వానాకాలం. అప్పుడు నేను తాడేపల్లిగూడెంలో టీచరు ఉద్యోగం చేస్తున్నాను. అంతకు ముందు వేసవిలో మా పాప గ్రేసు ఎనిమిది నెలలకే జ్వరంతో పోయింది. సమాధి దగ్గర ప్రార్థన చేసింది నాన్నగారే. నేను మట్టి వెయ్యనివ్వకపోతే, "ప్రభువు ఎత్తుకున్నాడమ్మా, ఇక నీ చేతులు ఖాళీ అని బాధపడకు" అన్నారు. ఆ మాట పట్టుకునే నేను మళ్లీ బడికి వెళ్లగలిగాను.

నాన్నగారికి టైఫాయిడ్ వచ్చిందని కబురొచ్చింది. లంక నుంచి పడవ మీద ఒడ్డుకి చేర్చి, ఎడ్లబండిలో ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. తెచ్చినవాడు నాగన్న. చేపలు పట్టుకునే మనిషి, నాన్నగారి పక్క ఇల్లు. అమ్మ పోయాక నాన్నగారికి రెండు పూటలా అన్నం పంపింది నాగన్న భార్య ఆదెమ్మే. వాళ్లు మా మతం కాదు. కానీ ఆదివారం పాటలు మొదలైతే ఆదెమ్మ ప్రార్థన మందిరం కిటికీ పక్కన వచ్చి నిలబడేది. లోపలికి రమ్మంటే సిగ్గుపడేది.

నాన్నగారిని నాకు అప్పజెప్పి నాగన్న లంకకి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నాన్నగారి ఊపిరి ఆగిపోయింది. డాక్టరు గారు గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. కంటిలోకి లైటు వేసి చూశారు. గొట్టం తీసేసి తల అడ్డంగా ఊపినప్పుడు వార్డు గోడ గడియారంలో పావు తక్కువ నాలుగు. నర్సు దుప్పటి ముఖం మీదికి లాగింది. మా ఆయన పెట్టె చేయించడానికి వెళ్లారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. పాపని, అమ్మని చూసి ఉంటారు ఈపాటికి అనుకున్నాను. కొంచెం అసూయ కూడా కలిగింది.

నాలుగు దాటి అయిదారు నిమిషాలకి నోటి దగ్గర దుప్పటి లోపలికి వెళ్లి బయటికి వచ్చింది.

కేక వేశాను. అందరూ పరుగెత్తుకొచ్చారు. నాడి చిక్కనంత బలహీనంగా ఉండి ఉంటుంది, ఒక్కోసారి ఇలా జరుగుతుంది అన్నారు డాక్టరు గారు. ఆయన మాటని నేను కాదనను.

మర్నాడు పొద్దున నాన్నగారు కళ్లు తెరిచారు. తెలివి బాగా ఉంది. నన్ను పేరు పెట్టి పిలిచి మంచినీళ్లు అడిగారు. నేను ఆత్రం పట్టలేక అడిగేశాను, ఏం చూశారని.

నీళ్లు రెండు గుటకలు తాగారు. తర్వాత, "కొల్లేరు ఎండితే బయలు ఎలా ఉంటుందో, అలాగమ్మా. ఎండా లేదు, చీకటీ లేదు. జనం నిలబడి ఉన్నారు" అన్నారు.

"మనవాళ్లా?"

"మనవాళ్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. తేడా లేదు. దేనికి నిలబడ్డారో ఎవరికీ తెలియదు. ఆదెమ్మ కూడా వచ్చింది. తడిబట్టల్లో ఉంది, మెడకి తుంగ చుట్టుకుని ఉంది. అమ్మా ఆదెమ్మా అన్నాను. మీరెవరండీ అంది."

ఆదెమ్మ లంకలో ఉంది కదండీ, ఆమెకేం అన్నాను. ఆయన వినిపించుకోలేదు. నాకు అడగాలని లేదు, అడగకుండా ఉండలేకపోయాను.

"చిన్నపిల్లలు ఉన్నారా నాన్నగారూ?"

"ఉన్నారు."

"ఎవరు ఎత్తుకున్నారు వాళ్లని?"

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. "ఎవరూ ఎత్తుకోలేదమ్మా" అన్నారు.

జ్వరం మాటలు అని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం నాగన్న వచ్చాడు, గుండు చేయించుకుని. ముందు రోజు ఆదెమ్మ తుంగ కోసుకురావడానికి తాటిదోనెలో ఒక్కతే వెళ్లిందట. గాలి లేచి దోనె తిరగబడింది. అవతలి గట్టు మీదివాళ్లు చూశారు గాని చేరుకోలేకపోయారు.

"అప్పుడే బడి వదిలే గంట కొడుతున్నారటండీ" అన్నాడు నాగన్న. అంటే నాలుగు. "తుంగలో చిక్కుకుపోయింది. కోసి తియ్యాల్సి వచ్చిందండీ."

ఈ కబురు అతనికంటే ముందు ఏలూరు తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. అది నేను తర్వాత అందరినీ అడిగి తెలుసుకున్నాను. మా వార్డులో లంకవాళ్లు లేరు. నా ఎదుట తప్ప నాన్నగారు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాగన్నని చూసి నాన్నగారు రెండు చేతులూ జోడించారు. చూసిన సంగతి మాత్రం చెప్పలేదు.

పాస్టరు గారు వచ్చి బైబిలు తెరిస్తే నాన్నగారు, "ప్రార్థన చెయ్యండి, పరలోకం మాటలు మాత్రం చదవకండి" అన్నారు. పాస్టరు గారు అది నీరసం అనుకున్నారు. అయిదు రోజుల తర్వాత నాన్నగారు నిజంగానే పోయారు. పోయేముందు నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. "పంపించకు సుగుణా" అన్నారు. నలభై ఏళ్లు ఊళ్లో ప్రతి చావుమంచం దగ్గరా ధైర్యం చెప్పిన మనిషి. వేళ్ల గుర్తులు వారం రోజులు నా చేతి మీద ఉన్నాయి.

సమాధి దగ్గర పాస్టరు గారు, దేవదానం గారు శాంతి సమాధానాలతో ప్రభువునందు నిద్రించారు అని చెప్పారు. నేను ఆమెన్ అన్నాను.

అందరూ వెళ్లిపోయాక నాగన్న నా దగ్గరికి వచ్చాడు. నేను మా ఆయనకి చెప్పింది ఎలాగో అతని చెవిన పడింది.

"అమ్మాయిగారూ, గురువుగారు మా ఆడదాన్ని చూశారంట కదండీ. ఎలా ఉందన్నారండీ?"

పొలాల మీదుగా వచ్చిన ఆ మనిషి కాళ్ల నిండా బురద. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాగుందన్నారు నాగన్నా. తెల్లచీర కట్టుకుందట. నవ్వుతోందట. నిన్ను అడిగిందట" అన్నాను.

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. మరుసటి ఈస్టరుకి బాప్తిస్మం తీసుకున్నాడు. కొల్లేటి నీళ్లలోంచి పైకి లేచినప్పుడు అతని ముఖంలో ఉన్న సంతోషం నేను ఒడ్డు నుంచి చూశాను.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. జ్వరంలో కన్న కల అనుకుంటే, ఆదెమ్మ తడిబట్టలు ఎక్కడి నుంచి వచ్చాయి? నిజంగా చూశారనుకుంటే మిగతాది కూడా నిజమని ఒప్పుకోవాలి. రెంటిలో ఏదీ నా వల్ల కాలేదు. ప్రతి ఆదివారం మందిరానికి వెళ్తాను, పాటలు పాడతాను.

నాగన్న పోయే ముందు నన్ను పిలిపించాడు. "ఆదెమ్మ దగ్గరికి వెళుతున్నానండీ, మీ పాపకి ఏమన్నా చెప్పమంటారా?" అని అడిగాడు.

నా బదులు ఒక ముద్దు పెట్టు, అన్నాను. తప్పకుండా అండీ, అన్నాడు.