నా కాలికి తెలిసిన బండ

మా భూపాలపల్లి గ్రౌండులో నేను నిలబడే చోట మట్టి కింద ఒక బండ ఉంది. పైకి కనిపించదు. దాని మీద పడ్డ బంతి ఎడమకు తిరుగుతుంది. బేస్‌బాల్‌లో రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడి, నేల మీద దూసుకొచ్చే బంతిని పట్టేవాళ్లను షార్ట్‌స్టాప్ అంటారు. ఆడవాళ్ల జట్టులో పన్నెండేళ్లుగా ఆ చోటు నాదే. బండ సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.

పోయిన ఏడు చిట్యాల నుంచి ఇంటర్ చదివే పిల్ల వచ్చింది. బంతి చేతికి చిక్కిందని మనం అనుకునేలోపే విసిరేసేది. మహబూబాబాద్ పోటీలకు ఇద్దరిలో ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి మా కోచ్ సారు పరీక్ష పెట్టాడు. అదే చోట చెరి ఇరవై బంతులు. నేను రెండే వదిలాను. ఆమె ఆరు వదిలింది. ఆరూ ఎడమకు తిరిగినవే. ముప్పై మూడేళ్ల నన్ను పాత చింతకాయ పచ్చడి అన్న నోళ్లు మూతబడ్డాయి. సంబరపడ్డాను, అబద్ధమెందుకు.

ఇంటికొచ్చాక ఎడమకు తిరిగిన ఆ ఆరు బంతులే గుర్తొచ్చాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలిచింది నేనా, బండా? ముందు సిగ్గేసింది, తర్వాత నా మీద నాకే కోపం వచ్చింది. బండ దయతో దక్కిన చోటు నాకొద్దు. పొద్దున్నే సారు దగ్గరికి పోయి, జనగామలో కొత్తగా చదును చేసిన గ్రౌండులో మళ్లీ పరీక్ష పెట్టమన్నాను. అది మా ఇద్దరికీ తెలియని నేల.

"పేరు రాసినంక గిదేం పరేషాన్? గెల్సినవ్ గదా," అన్నాడాయన.

"గెల్సిన్నో లేదో నాకే ఎర్కలేదు సారూ. ఎర్క కావాలె."

ఆదివారం ముగ్గురం బస్సులో పోయాం. జనగామలో నేను ఐదు వదిలాను. ఆమె ఒక్కటే వదిలింది. సారు నా ముఖం చూడలేక కాగితం చూస్తుంటే, ఆ పిల్ల పేరు నేనే రాయించాను. ఏడుపొచ్చింది. దాన్ని మింగి, ఖాళీగా ఉన్న రెండో బేస్‌కి నన్ను పరీక్షించమని అడిగాను. ఆట మానెయ్యమని ఎవరూ అనలేదు, అన్నా వినేదాన్ని కాదు. ఆ చోటు దక్కింది.

మర్నాడు సాయంత్రం మా గ్రౌండులో ఆ పిల్లను పిలిచి, బూట్లు విప్పించి, పాదం సరిగ్గా ఆ బండ మీద పెట్టించాను.

"ఈడ పడ్డ బంతి ఎడమకు మర్లుతది. యాదుంచుకో."

ఆమె కాలితో అదిమి చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"గీ ముచ్చట ఆ దినమే చెప్తే ఏమైతుండె, అక్కా?"

రెండో బేస్ దగ్గరికి పోయి నిలబడి, గ్లవ్ తెరిచి, విసరమన్నాను. కోపమంతా పెట్టి విసిరింది. పట్టాను.