మూట మీద కూర్చున్న పెద్దమనిషి

మీ వ్యాపారంలో డబ్బు పెట్టి వాటా తీసుకుంటామని రేపు పొద్దున ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే, మీరు మొట్టమొదట దాచేది ఏమిటి?

ఏమీ దాచమని బుకాయించకండి. మా వాళ్లు దాచారు. నా కళ్లముందే దాచారు.

మాది రాయ్‌పూర్ రైల్వే కాలనీ. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. ముందు జీతం, తరవాత పింఛను, బతుకంటే ఇంతేనని నమ్మే ఇళ్లు మావి. అలాంటి ఇంట్లోంచి మా చెల్లెలు ఊరి చివర బీర్‌గావ్‌లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఆ పక్కనే ఉన్న సిల్తారా ఉక్కు కర్మాగారాల్లో కొలుముల దగ్గర పనిచేసేవాళ్లకు మందపాటి గ్లౌజులు కుట్టించడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఆడవాళ్లే కుట్టేవారు. ఇనుము ధర పడితే సిల్తారాలో కొలుములు చల్లబడతాయి, మర్నాటికి బీర్‌గావ్‌లో టీ కొట్టు కూడా వెలవెలపోతుంది. అలాంటి చోట నిలదొక్కుకోవడమే గొప్ప. అలాంటిది, ఒక పెద్ద కర్మాగారం వాళ్లు తమకు కావలసిన గ్లౌజులన్నీ చెల్లెలినే ఇమ్మన్నారు. వానలు పడేలోగా ఒప్పుకోకపోతే వేరే ఊరివాళ్లకు ఇచ్చేస్తామన్నారు. కత్తెరలతో అంత గుడ్డ కోయడం అసాధ్యం. కరెంటుతో కోసే మిషను కావాలి. బ్యాంకు తల అడ్డంగా ఊపింది. చిన్న వ్యాపారాల్లో వాటా తీసుకునే వాళ్లు నగరంలో ఉన్నారని తెలిసి చెల్లెలు కబురు పెట్టింది. షెడ్డు చూడ్డానికి వస్తామన్నారు.

అంతే, చెల్లెలి మామగారు రంగంలోకి దిగారు. ఆయన రిటైరైన రైల్వే గార్డు. పచ్చజెండా ఊపనిదే ఇంట్లో పిల్లి కూడా కదలకూడదనే మనిషి. రాహుకాలం, వర్జ్యం చూసి గురువారం పొద్దున్నే రమ్మనాలన్నారు. పెట్టుబడికి వర్జ్యమేమిటని నేను యుద్ధానికి దిగాను.

“నువ్వు ఆగన్నయ్యా, మీరూ ఆగండి మావయ్యా. వాళ్లకి కారు ఖాళీ ఉన్నరోజు వాళ్లొస్తారు,” అంది చెల్లెలు.

వాళ్లు శుక్రవారం వచ్చారు. మామగారు అప్పటికే పనివాళ్లకు సెలవిచ్చేశారు. గోడలకు సున్నం కొట్టించారు. మిషన్ల మీద ఎంబ్రాయిడరీ గుడ్డలు కప్పించారు. కోడలికి పట్టుచీర కట్టించారు. బూరెలు, పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. కొలువుదీరిన ఆ షెడ్డులో ఒక్క దారప్పోగు కూడా కింద లేదు. కర్మాగారాల నుంచి చిరిగిపోయి తిరిగొచ్చిన గ్లౌజుల మూట ఒకటి మాత్రం మూలన ఉండిపోయింది. దానిమీద దుప్పటి పరిచి, ఆయనే దర్జాగా కూర్చున్నారు.

వచ్చినవాళ్లలో పెద్దావిడ చుట్టూ చూసి హిందీలో అడిగింది: “మిషన్లు ఎందుకు ఆగిపోయాయి? పని లేదా?”

“మీరొస్తున్నారనే కామ్ బంద్ చేయించాను,” అన్నారు మామగారు గర్వంగా, తనకొచ్చిన హిందీలో.

“సరుకు ఎప్పుడైనా వాపసు వచ్చిందా?”

“బిల్కుల్ లేదు,” అన్నారాయన, మూట మీద ఇంకొంచెం బరువుగా సర్దుకుని.

చెల్లెలు నోరు తెరవబోయి, మామగారిని చూసి మూసుకుంది. వాళ్లు బూరెలు తిన్నారు, బాగున్నాయన్నారు, ఇంటికెళ్లి కబురు చేస్తామన్నారు. ఆ మాటకు అర్థం తెలియని తెలుగిల్లు ఉందా? పెళ్లిచూపులకు వచ్చి పిల్ల నచ్చనివాళ్లు చెప్పే మాటే అది.

కారు మలుపు తిరగగానే నేను అందుకున్నాను. “మావయ్యగారూ, వాళ్లు మిషన్లు తిరగడం చూడ్డానికి వచ్చారు. మీరు మిషన్లకు గుడ్డలు కప్పి చూపించారు.”

“అయితే ఏటంటావు? పెళ్లిచూపుల్లో పిల్లకి మెల్లకన్నుంటే ముందా కన్నే చూపిస్తారేటి?”

“చూపించాలి. పెళ్లయ్యాక కనిపించదా?”

“నీకు పెళ్లెలాగయిందో ఇప్పుడు తెలిసింది,” అన్నారాయన. బూరెలు వడ్డించడానికి వచ్చిన నా భార్య అందరికంటే గట్టిగా నవ్వింది.

కుర్రతనంలో మా కాలనీ సంఘం హాల్లో ఆదివారాలు చర్చలు జరిగేవి. జాతకాల మీద, కులాల మీద, గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవాళ్లం. నీ వాదంలో లోపం ఎదుటివాడు పట్టుకునేలోగా నువ్వే బయటపెట్టు, వాడి చేతిలో కత్తి ఉండదు: అక్కడ నేర్చుకున్నది ఇదే. డబ్బు పెట్టేవాడి ముందూ అంతే. మచ్చలేని సరుకు లోకంలో లేదని అతనికి తెలుసు. మచ్చ ఎక్కడుందో మీకు తెలుసా లేదా అన్నదే అతని అనుమానం. అది తీర్చడమే పెట్టుబడికి సిద్ధం కావడమంటే. పట్టుచీరతో తీరే అనుమానం కాదది.

చెల్లెలు నా ఉపన్యాసం సగంలో ఉండగానే ఫోన్ తీసింది. “మేడమ్, మీరు చూసింది మా షెడ్డు కాదు. ఏ రోజైనా, చెప్పకుండా రండి,” అంది హిందీలో. మామగారు తల పట్టుకున్నారు.

మర్నాడే అది షెడ్డులో గోడ పొడుగునా తీగ కట్టి, మూటలో ఉన్న గ్లౌజులన్నీ వేలాడదీసింది. అన్నీ ఒక్కచోటే చిరిగాయి, బొటనవేలి కుట్టు దగ్గర. “ఇవేం తోరణాలమ్మా,” అని మామగారు గొణిగారు గాని, కింద పడ్డవాటిని ఆయనే ఏరి ఇచ్చారు.

చెప్పకుండా వచ్చిన రోజున ఆ పెద్దావిడకు కూర్చోడానికి చోటు దొరకలేదు. మిషన్ల మోతలో చెల్లెలు అరిచి చెప్పాల్సి వచ్చింది. చిరిగిన గ్లౌజు ఒకటి ఆవిడ తొడుక్కుని, చిరుగులోంచి బొటనవేలు బయటపెట్టి, “ఇదేమిటి?” అంది.

“మా తప్పు. వేడి సలాకీ బరువంతా అక్కడే పడుతుంది. ఇప్పుడు ఆ చోట తోలుముక్క వేసి కుడుతున్నాం. ఇదిగో కొత్తది. ఇది కూడా అరచేతి దగ్గర తొందరగా అరుగుతోంది, దానికింకా దారి దొరకలేదు.”

చివరి మాటకు మామగారు కళ్లు మూసుకున్నారు. ఆవిడ నవ్వింది. ఆ రోజు కాఫీ ఇవ్వడం కూడా అందరం మరిచిపోయాం. కబురు మాత్రం తొందరగానే వచ్చింది: వాటా తీసుకుంటాం, ఇంటి ఖర్చూ షెడ్డు ఖర్చూ వేరుచేయాలి. అంటే మామగారి స్కూటరు పెట్రోలు ఇకమీదట ఆయన పింఛనులోంచే. “పిల్ల నచ్చింది గాని, మావగారు నచ్చనట్టుంది,” అన్నారాయన.

వానలకు ముందే గుడ్డ కోసే మిషను దిగింది. ఇప్పుడు షెడ్డుకు ఎవరొచ్చినా ఆయనే చేయి పట్టుకుని ముందు ఆ తీగ దగ్గరికే తీసుకెళ్తారు. “ముందు మా మెల్లకన్ను చూడండి,” అంటారు. ఆ ఉపాయం తనదేనని కూడా చెప్పుకుంటున్నారని విన్నాను. చెప్పుకోనివ్వండి.

మీ దుకాణంలోనూ ఒక మూట ఉంది. దానిమీద మీ ఇంటి పెద్దమనిషో, మీరో కూర్చుని ఉన్నారు. లేవండి. దాన్ని విప్పి, వచ్చేవాళ్లకు కనబడేలా ఈరోజే గోడకు కట్టండి.