రెండు గుమ్మాల బడి

నా చిన్నప్పుడు మా బడికి రెండు గుమ్మాలు ఉండేవి, ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి. లోపల ఉన్నది మాత్రం ఒకటే గది, ఒకటే నల్లబల్ల, ఒకే ఒక్క మేష్టారు. చాలా రోజులు చదువుకోవడానికి వచ్చిన పిల్ల కూడా ఒక్కతే. అది నేనే.

దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట మావి రెండు ఊళ్లు. పడమటి వైపు కొత్తూరు మాది. మా తాతయ్య తరం వాళ్లు కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చి, భూములు కొని, ఇళ్లు కట్టుకున్న ఊరు. తూర్పున పాతూరు, అంతకు ముందు నుంచీ ఉన్నవాళ్లది. మధ్యలో ఒక వాగు, దాని చుట్టూ తునికి పొదలు, ఇప్పచెట్లు. రాష్ట్రం కలిసి ఉండాలా విడిపోవాలా అని బస్సుల్లోనూ టీకొట్ల దగ్గరా జనం గొంతులు చించుకుంటున్న రోజులవి. మేము వాళ్లకి ఆంధ్రోళ్లం. వాళ్లు మాకు ఇక్కడోళ్లు. పిల్లలం మేము కూడా ఆ మాటలే పలికేవాళ్లం, అర్థం తెలియకుండానే.

పార్టీలు కూడా అలాగే పంచుకున్నారు. ఏ పార్టీ ఏం చెబుతుందో రెండూళ్లలోనూ ఎవరికీ సరిగ్గా తెలియదు. అవతలి ఊరు ఏ పార్టీలో ఉందో తెలిస్తే చాలు, మనం ఎందులో ఉండాలో తెలిసిపోయేది. ఒకసారి పిల్లలకని పంచాయతీ సమితి ఆఫీసు నుంచి పాలపొడి మూటలు వచ్చాయి. అప్పటి సమితి ప్రెసిడెంటు మా వాళ్లు ఓట్లేసిన మనిషి. అందుకని ఆ పాలు తాగితే కడుపునొప్పి వస్తుందని పాతూరు వాళ్లు మూట విప్పనే లేదు. తరువాతి ఎన్నికల్లో ప్రెసిడెంటు మారాడు, పాలపొడి మారలేదు. ఈసారి కడుపునొప్పి మా ఊరికి వచ్చింది.

బడి సంగతీ అంతే. రెండూళ్లకీ కలిపి ఒక బడి మంజూరైంది. మా ఊళ్లో కట్టాలని మేము, తమ ఊళ్లో కట్టాలని వాళ్లు. చివరికి ఇటు ఆఖరి ఇంటి నుంచి అటు ఆఖరి ఇంటి దాకా మోకు పట్టి కొలిచి, సరిగ్గా మధ్యలో కట్టాలని ఒప్పందం కుదిరింది. కొలతకి ముందు రోజు మా తాతయ్య ఊరి బయట, పాతూరు వైపుగా ఒక పశువుల పాక వేయించాడు, మన ఊరు అక్కడి దాకా ఉందని చూపించడానికి. పాక ముందుకి జరిగితే బడి కూడా అవతలికే జరుగుతుందని ఆయనకి తట్టలేదు. అదృష్టం కొద్దీ పాతూరు పెద్దలకీ తట్టలేదు. వాళ్లూ ఒక పాక వేశారు. దాంతో బడి రెండూళ్లకీ మైలు దూరంలో, మనిషి అలికిడి లేని చోట, వాగు ఒడ్డున లేచింది. ఒకరి దారిన ఇంకొకరు రానక్కర లేకుండా రెండు గుమ్మాలు పెట్టారు.

పిల్లల పేర్లు రాయించడంలోనూ పోటీయే. పాతూరు వాళ్లవి ఇరవై రెండు పేర్లని తెలిసి, మా తాతయ్య నాలుగేళ్ల వాణ్ణి ఒకణ్ణి ఐదేళ్లని రాయించి మావీ ఇరవై రెండు చేశాడు. తీరా ప్రారంభం రోజున గోడకి పెట్టే రాయి మీద ఎవరి నాయకుడి పేరు పైన ఉండాలని గొడవ మొదలై, కర్రల దాకా వెళ్లింది. రాయి వచ్చిన బండిలోనే తిరిగి వెళ్లిపోయింది. దాని కోసం గోడలో వదిలిన చదరపు గుంట అలాగే మిగిలితే పిచ్చుకలు గూడు పెట్టాయి. మన పేరు పడేదాకా మన పిల్లలు ఆ గడప తొక్కకూడదని రెండూళ్లూ తీర్మానించాయి. నాకు తెలిసి ఆ రెండూళ్లూ ఏకమైన మాట అదొక్కటే.

మా తాతయ్య మాత్రం ఇంకో ఆలోచన చేశాడు. మరీ ఖాళీగా వదిలేస్తే వాళ్లు బడిని తమదంటారని, మన హక్కు పోకుండా నన్నొక్కదాన్ని పంపాడు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, నేను ఆ తువ్వాలుని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పొద్దున నేను పలక పట్టుకుని వెళ్తుంటే మా వీధి పిల్లలు ఆట ఆపి చూసేవాళ్లు, సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆట అయిపోయి ఎవరిళ్లకి వాళ్లు పోయేవాళ్లు. కొన్నాళ్లకి నన్ను ఏ జట్టులోనూ లెక్కపెట్టడం మానేశారు. దారి పొడుగునా నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. అంత ఒంటరితనం ఆ తరువాత మా అమ్మ పోయినప్పుడు కూడా నాకు తెలియలేదు.

మేష్టారు ఇల్లందు మనిషి. వాళ్ల నాన్న బొగ్గుగనిలో పని చేసేవాడట. ఏ ఊళ్లో గది కిరాయికి తీసుకున్నా రెండో ఊరికి కోపం వస్తుంది కాబట్టి బడిలోనే పడుకునేవారు, వెనకాల మూడు రాళ్ల పొయ్యి మీద వండుకునేవారు. ఆదివారం పూట ఒక్కరే కూర్చుని బైబిలు చదువుకునేవారు. ఆయనకి నేను, నాకు ఆయన. కానీ తొమ్మిదేళ్ల పిల్లకీ ముప్పయ్యేళ్ల మనిషికీ మధ్య మాటలు ఎన్నని ఉంటాయి? పాఠం అయ్యాక ఇద్దరం చెరో గుమ్మంలో కూర్చుని అడవిని చూసేవాళ్లం.

ఆయన రోజూ నలభై నాలుగు పేర్లూ పిలిచేవారు. రెండూళ్ల పేర్లూ ఒకటి విడిచి ఒకటి కలిపి రాసుకున్నారు. పేరు పిలిచి, ఒక పిల్ల నేల మీంచి లేచి నిలబడడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగేవారు. ఎవరూ లేవరు. సున్నా చుట్టి ఇంకో పేరు పిలిచేవారు. నా పేరు వచ్చినప్పుడు మాత్రం నేను లేచి, "హాజర్ సార్" అని అరిచి కూర్చునేదాన్ని. నా తరువాతి పేరు పాతూరు పిల్లది. దానికీ మౌనమే. ఒక రోజు విసుగొచ్చి, లేనివాళ్లని ఎందుకు పిలవడమని అడిగేశాను.

"పిలిస్తె రాకపోవుడు వేరు బిడ్డా, పిలవకపోవుడు వేరు," అన్నారు. నాకేమీ బోధపడలేదు. పొద్దుపోక పిలుస్తున్నారని అనుకున్నాను.

ఇప్పపూలు రాలే రోజుల్లో సమితి నుంచి కాగితం వచ్చింది. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పిల్లలు లేకపోతే బడిని ఎత్తేసి ఇంకెక్కడికో ఇచ్చేస్తారు. నేనప్పుడు మూడో తరగతి వాచకం సగంలో ఉన్నాను. దమ్మపేట బడి ఆరు మైళ్లు, ఆడపిల్లని అంత దూరం ఎవరు పంపుతారు? ఇక దూడల వెంట తిరగడమే నా చదువు. మొదట తువ్వాలుగా వచ్చినా, నాకు అప్పటికి అక్షరాల రుచి తగిలింది. వాచకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

మేష్టారు కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగారు. తరువాత నా ముందు గొంతుక్కూర్చుని, ఇంటికి పోయి పాతూరు వాళ్లు సోమవారం పిల్లలందరినీ పంపుతున్నారని మా తాతయ్యకి చెప్పమన్నారు. నిజమేనా అని అడిగాను. "సోమవారం దాక ఆగు, నిజమైతది," అన్నారు. నేను ఇటు బయలుదేరితే ఆయన చొక్కా తొడుక్కుని అటు పాతూరు వెళ్లారు. అక్కడ కొత్తూరు వాళ్లు అందరినీ పంపుతున్నారని చెప్పారట.

సోమవారం చూడాలి మా బడి! తలలకి నూనె పెట్టి, నున్నగా దువ్వి, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడిగి, రెండు గుమ్మాల నుంచీ పిల్లల్ని తోలుకొచ్చారు. మా తాతయ్య స్వయంగా కండువా వేసుకుని వరస ముందు నడిచాడు. లోపల వీళ్లు ఈ గోడకి, వాళ్లు ఆ గోడకి అంటుకుని కూర్చున్నారు. నడుమ మనిషి పడుకునేంత జాగా. నేను అలవాటు కొద్దీ నల్లబల్ల ఎదురుగా, ఆ నడుమనే కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టరు ముందు మేష్టారు పేర్లు పిలిచారు. అన్ని నెలలుగా నేను వింటున్న పేర్లు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. పొడుగాటి పేరున్నవాడు పొడుగ్గా ఉంటాడనుకున్నాను, తీరా చూస్తే ముక్కు కారుతున్న బుడంకాయంత పిల్లాడు. నా పేరు అయ్యాక, రోజూ మౌనం ఉండే చోట, పక్క నుంచి సన్నగా "హాజర్ సార్" అని వినబడింది. ముక్కుపుడక పెట్టుకున్న పిల్ల. తన దగ్గర బలపం లేదు. నాది విరిచి సగం ఇచ్చాను. ఆ పిల్ల నవ్వి, నా వైపు జానెడు జరిగింది. ఇన్‌స్పెక్టరు ఇలాంటి బడి చూడలేదని మెచ్చుకుని, మేష్టారు చేసిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. బడి నిలిచింది.

మంగళవారం ఎవరూ రాలేదు.

మేష్టారు పేర్లు మొదలుపెట్టారు. నా పేరుకి పలికాను. తరువాతి పేరు పిలిచి ఆయన ఆగారు. ఆ కాసేపూ నేను ఓర్చుకోలేకపోయాను, భోరుమన్నాను. అంతకు ముందు రానివాళ్లెవరో నాకు తెలియదు. ఇప్పుడు ఎవరు రాలేదో తెలుసు. మేష్టారు మొదటిసారిగా పేర్లు మధ్యలో ఆపి రిజిస్టరు మూశారు. "తప్పు నాదే బిడ్డా. పోటీ పెట్టి గుంజుకొచ్చిన. పోటీ ఒక్క దినందే," అన్నారు. అంత పెద్దమనిషి నా దగ్గర తప్పు ఒప్పుకోవడం చూసి నా ఏడుపు ఆగిపోయింది.

ఆయన నన్ను ఎక్కడికీ వెళ్లమనలేదు. నేనే లేచి, ఎన్నడూ దాటని తూర్పు గుమ్మం దాటాను. వాగు చీలమండ లోతు ఉంది. దాటి వెనక్కి తిరిగితే, అవతలి ఒడ్డున మేష్టారు నిలబడి చూస్తున్నారు. పిలవలేదు, రమ్మని చెయ్యి ఊపలేదు. నేను కనబడినంతసేపూ అక్కడే ఉన్నారు.

పాతూళ్లో ముక్కుపుడక పిల్ల ఇల్లు ఎవరో చూపించారు. వాకిట్లో ఆ పిల్ల నానమ్మ చాప మీద ఇప్పపూలు ఎండబోస్తోంది. "ఎవరి పిల్లవే? మీ పెద్దోళ్లు తోలిండ్రా ఏంది?" అంది, నా లంగా జాకెట్టు చూసే ఏ ఊరో పోల్చుకుని. మా తాతయ్య పంపలేదనీ, మేష్టారు మీ మనవరాలిని పిలిచారు, తను పలకలేదు, అందుకని వచ్చాననీ చెప్పాను. ముసలమ్మ చేతులు ఆగాయి. "సారు దినాం పేరు పెట్టి పిలుస్తడా?" అని అడిగింది. రోజూ అన్నాను. "రాకున్నా?" అంది. రాకపోయినా అన్నాను. ఆవిడ లేచి లోటాతో నీళ్లు ఇచ్చింది. ఆ పిల్ల తలుపు చాటు నుంచి చూస్తోంది, బయటికి మాత్రం రాలేదు.

బుధవారం లేదు, గురువారం లేదు. నాకు ఆశ చచ్చిపోయింది. శుక్రవారం మేష్టారు నా తరువాతి పేరు పిలిచి, ఎప్పటిలాగే ఆగి, కలం కాగితానికి ఆనిస్తుండగా వెనక నుంచి "హాజర్ సార్" అని వినిపించింది. ముక్కుపుడక పిల్ల తమ గుమ్మం దారిన వస్తే ఊరివాళ్ల కంట పడతానని చుట్టూ తిరిగి మా గుమ్మంలోంచి వచ్చింది. రొప్పుతోంది. "అంత పిలుస్తుంటె పలకకుంటె మంచిగుండదని మా నానమ్మ అన్నది," అంది. మేష్టారు తల వంచుకుని చాలాసేపు రాశారు. ఒక్క హాజరు వేయడానికి అంతసేపు ఎందుకో నాకు పెద్దయ్యాక తెలిసింది.

వానాకాలానికి పదకొండు మందిమి అయ్యాం. మా పిల్ల వెళ్లి తెచ్చింది కాబట్టే బడి నిలబడిందని మా తాతయ్య చెప్పుకున్నాడు. మా పిల్ల పోకపోతే బడెక్కడిదని పాతూరు వాళ్లు చెప్పుకున్నారు. గోడ గుంటలో రాయి ఎప్పటికీ పడలేదు. రెండేళ్లకి మేష్టారికి బదిలీ అయింది, ఆయన ఎక్కడికి వెళ్లారో మళ్లీ తెలియలేదు. ముక్కుపుడక పిల్లని పెనుబల్లి వైపు ఇచ్చారు. నన్ను ఇంకోవైపు ఇచ్చారు, మా పుట్టింటికీ మెట్టినింటికీ నడుమ ఇప్పుడు రాష్ట్రాల సరిహద్దు ఉంది. తనని చూసి నలభై ఏళ్లు దాటింది. ఒక్కోసారి పొద్దున పని చేసుకుంటూ ఆ నలభై నాలుగు పేర్లూ పైకే చదువుకుంటాను. వరస తప్పదు.

మా ఇంట్లో ఏ శుభకార్యమైనా పిలుపుల జాబితా చదివేది నేనే. మా మరిదికీ మా ఆయనకీ సర్పంచి ఎన్నికల్లో చెరో పార్టీ వల్ల మాటలు పోయి పదకొండేళ్లు. రానివాళ్ల పేరు ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. నేను మాత్రం ప్రతిసారీ మరిది పేరు గట్టిగా చదివి, ఒక మనిషి నేల మీంచి లేవడానికి పట్టేంతసేపు ఆగుతాను. ఎవరూ మాట్లాడరు. తరువాతి పేరు చదువుతాను. మొన్న మనవరాలి పెళ్లి జాబితా చదువుతూ మరిది పేరు దగ్గర అలాగే ఆగాను. మా ఆయన లేచి, వంకెకి ఉన్న చొక్కా తీసి తొడుక్కుని, కుంకుమ భరిణె ఎక్కడుందని అడిగాడు.