తలుపు కొట్టిన దయ్యం

అమ్మకు తిరుపతిలో గుండె ఆపరేషన్ జరుగుతున్న రోజు, బయట బెంచీ మీద నా పక్కన చిత్తూరులో మా పక్కింటామె కూర్చుంది. మేం ఖాలా అని పిలుస్తాం. ఆమె, అమ్మ రోజూ కలిసి దయ్యాల సీరియల్ చూసేవాళ్లు; వాళ్లతోపాటు చూసి నాకూ ఆ కథంతా తెలుసు. నేను ఆపరేషన్ గది వైపే చూస్తూ కూర్చోవడం గమనించి ఉన్నట్టుండి అడిగింది.

"గోడల్లోంచి దూరే దయ్యం నిన్న తలుపెందుకు కొట్టిందంటావు?"

"లోపల తాయెత్తు ఉండాది కదా, ఖాలా."

"మరి గొళ్లెం తీసినాక ఎట్లా వచ్చింది?"

"ఎవరన్నా పిలిస్తే రావొచ్చేమో."

"ఎవురు పిలిచినారు? నువ్వు సరిగ్గా సూడలేదు!"

నేనూ పట్టు వదల్లేదు. ఆపరేషన్ గది తలుపు కదిలినప్పుడల్లా ఇద్దరం మాట మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.

చివరికి డాక్టరు వచ్చి అమ్మకు ప్రమాదం తప్పిందన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఖాలా లేవలేకపోయింది. కొంగులో ముఖం దాచుకుని, నా ముందు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.