గంధపు దండ

భద్రయ్య తాతగారు చనిపోయారని లోకమంతా చాటింది నేనే. ఆయన బతికే ఉన్నారు.

మా తెలుగు మేడమ్ నవత గారు, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తలా ఒక పేజీ రాయమన్నారు. మార్కులున్నాయి. మేం తుని నుంచి చిలకలగూడ వచ్చి ఏడాదే అయింది. మా వీధిలో గ్రంథాలయం ఉందంటే దాని గురించే రాద్దామనుకున్నాను. పోస్టాఫీసులో రిటైరైన భద్రయ్య గారు ఇంటి ముందు గదిలో, సొంత పుస్తకాలతో మొదలుపెట్టారట. పేజీ మూల మడిచారంటే ఎంతటివాళ్లనైనా కడిగేస్తారట.

ఇవన్నీ చెప్పింది ఆయన భార్య విజయమ్మ గారు. తలుపు తీస్తూనే, "సార్ లేడు బిడ్డా" అన్నారు. గోడ మీద ఆయన ఫోటో, దానికి గంధపు దండ. ఇంకేం అడుగుతాను? ఆమె నుదుట రూపాయి బిళ్లంత బొట్టుంది. చూశాను కూడా! ఈ రోజుల్లో పెట్టుకుంటారులే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. "వ్యవస్థాపకులు ఈ ఏడాది కన్నుమూశారు" అని రాసి పడేశాను.

నిన్న మేడమ్ ఫోన్ చేశారు. "ఏందమ్మా లోవలక్ష్మీ! ఆయన యాప్రాల్‌ల కొడుకింట్ల ఉన్నడంట. సోమవారం గుండె ఆపరేషన్. నీ పేజీ చదివి పరేషాన్ అయితున్నడు. ముందుగాల పోయి మాట్లాడు."

నేను రాసింది నిజమైపోతే? ఆటోలో దారి పొడవునా మా తుని లోవ తల్లికి మొక్కుతూనే ఉన్నాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, చేతిలో ఫోనుతో. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"దండ సన్మానంల ఏసిన్రు. ఏడ పెట్టాల్నో తెల్వక మా ఆమె ఫోటోకు తగిలించింది. అదైతే సరే," అన్నారు. "ఈ ఏడాదే అని రాసినవ్. ఇంక నాలుగు నెలలుంది గదా. నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెలీదు తాతగారూ! బుద్ధి గడ్డి తిని రాశాను," అని ఏడ్చేశాను.

ఆయన ముందే ఆ వాక్యం తీసేశాను. ఆయన "చరిత్ర" అన్నచోట నొక్కారు. పాత మార్పులన్నీ వరసగా వచ్చాయి. నా పేరు, తేదీ, ఆ వాక్యం.

"ఇది సుత తియ్యి."

"అది నా వల్ల కాదండీ. అలాగే ఉండిపోద్ది."

ఆయన ఫోన్ పక్కన పెట్టారు.

"గట్లయితే ఆపరేషన్ అయినంక మళ్ల రా. నేనున్న అని సుత రాయాలె. జెర మర్చిపోకు."

రేపే సోమవారం.