డాక్టరు కోసం వడగట్టిన నీళ్ళు

నా తలపాగా ఏమైందని నిన్న చర్చి ముందర ముగ్గురు అడిగారు. ముగ్గురికీ మూడు జవాబులు చెప్పాను. నాలుగోవాడు అడిగేలోగా నిజం నేనే రాసేస్తే మేలనిపించింది. మా ఆవిడ రూతమ్మ చెప్పిందంటే అది ఇంకో నాలుగు మూరలు పెరుగుతుంది! ఒక్క మాట ముందే ఒప్పుకుంటాను. నా మీద నేనే ఇంత కష్టపడి సాక్ష్యం తయారు చేసుకోవడం, ఈ అరవై ఏళ్ళలో ఇదే మొదలు.

మా పేటలో ఒక దిగుడుబావి ఉంది. ఊరి బావిలో మాకు దిగే వీలు లేదు గనక మా నాన్న కాలంలో మేమే తవ్వుకున్నాం. దానికి ఇరవై ఒక్క మెట్లు. పెళ్ళయిన కొత్తలో బండల గని నుంచి బండి మీద నల్లబండలు తెచ్చి, ఒక్కొక్కటీ నా చేత్తో పరిచాను. "దావీదూ, నీకేముండాదిరా?" అని ఎవరైనా అడిగితే "ఇరవై ఒక్క మెట్లు" అంటాను. అంత పొగరు నాకు ఆ మెట్లంటే.

ఈ ఎండాకాలం మద్రాసు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి మా బడి వరండాలో క్యాంపు పెట్టాడు. నారికురుపు మీద పరిశోధన అట. నారికురుపు మా వైపు ఇంటికొకరికి ఉంటుంది. కాలి మీద నిప్పు పెట్టినట్టు బొబ్బ లేస్తుంది, అది పగిలి అందులోంచి దారంలాంటి తెల్ల పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు రెండు వేళ్ళ పొడవు లాగుకోవాలి. తెగిందా, కాలు గుమ్మడికాయే!

డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"నీళ్ళలో కంటికి ఆనీ ఆనని చిన్న జీవులుంటాయి పెద్దాయనా. వాటి కడుపులో నారిపురుగు పిల్లలుంటాయి. మీరు ఆ నీళ్ళు తాగితే ఏడాదికి మీ కాలిలో కురుపు లేస్తుంది. ఆ కాలు మళ్ళీ బావిలో పెడితే, పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోకి వదుల్తుంది. అందుకే వచ్చిన రోజు నుంచీ గుడ్డతో వడగట్టి తాగమంటున్నాను."

"నీళ్ళది తప్పు కాదు సార్. ఒంట్లో వేడికి పుడతాది" అన్నాను.

"మరి వేడి చేసినవాళ్ళందరికీ పుట్టదేం?"

"అందరి వేడీ ఒకటే రకం కాదు సార్."

ఆయన కోప్పడలేదు. నవ్వి ఊరుకున్నాడు. నన్ను 'మీరు' అన్న మొదటి పంట్లాం మనిషి ఆయనే. ఆ సంగతి మనసులో పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

తరువాత అసలు పిడుగు వేశాడు. ప్రతి బావి నుంచీ ఒక సీసా నీళ్ళు తెప్పించి మైక్రోస్కోపులో చూస్తాడట. ఏ బావిలో ఆ జీవులు కనిపిస్తే ఆ బావి మెట్లు తీయించి, చుట్టూ గోడ కట్టించి, గిలక పెట్టించమని పైకి రాస్తాడట. నా గుండె ఇరవై ఒక్క మెట్లూ ఒక్కసారే దొర్లినట్టయింది.

"పేట బావి నీళ్ళు ఎవరు తెస్తారు? సీసా మీద పేరు రాయడం రావాలి" అన్నాడు.

చెయ్యెత్తాను. నడివయసు దాటాక చర్చి అయ్యగారు పెట్టిన రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి మరి! నా పక్కన కూర్చున్న యోసేపు నెల రోజులకే బడి ఎగ్గొట్టాడు. వాడు నా చెవిలో "ఏమప్పా, నీ కాలి సంగతి సారుకు చెప్పినావా?" అన్నాడు. వాడి తొడ గిల్లాను.

నా ఎడమ కాలి మడమ దగ్గర అప్పటికి ఒక పురుగు బయటికొస్తా ఉంది. చీపురుపుల్లకు చుట్టి, పైన గుడ్డ కట్టి, పంచె కిందికి జార్చుకుని తిరుగుతున్నాను. మంట తట్టుకోలేనప్పుడు మధ్యాహ్నం పూట బావి ఆఖరి మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టేవాణ్ణి. అబ్బ! ఆ చల్లదనం ఏ జమీందారుకూ దొరకదు.

మర్నాడు పొద్దున్నే సీసా పట్టుకుని బావిలోకి దిగాను. ముంచి, ఎండకు ఎత్తి చూశాను. తెల్లని చుక్కల్లాంటివి టక్ టక్ మని దూకుతున్నాయి. ఇన్నేళ్ళుగా చెంబుల్లో తాగాం గానీ గాజు సీసాలో ఎప్పుడూ చూడలేదు కదా! అప్పుడైనా నాకు బుద్ధి రావాలా? రాలేదు. 'కనిపించేవి తీసేస్తే కనిపించవు' అనుకున్నాను. ఎంత తెలివి!

తలపాగా విప్పాను. ఆదివారానికని కొన్న మల్లుగుడ్డ అది, డాక్టరు దగ్గరికి పోతున్నానని కట్టుకున్నాను. నాలుగు మడతలు వేసి, నీళ్ళను దాంట్లోంచి వడగట్టాను. ఎందుకైనా మంచిదని నాలుగుసార్లు వడగట్టాను.

పైనుంచి రూతమ్మ కేక వేసింది. "ఏమయ్యా, ఆడ ఏం చేస్తాండావు? పెండ్లోళ్ళకు పానకమా?"

"డాక్టరుకు నీళ్ళు."

"ఇన్నేండ్లలో మనకు ఒక్కతూరన్నా వడగట్టినావా?"

"మనకెందుకు మే! మనం దినామూ తాగేటోళ్ళమే గదా!"

అప్పటికి ఆ జవాబు నాకు శానా సబబుగా తోచింది.

గుడ్డ పిండి, ఎండగా ఉందని తడిగానే తలకు చుట్టుకున్నాను. సీసా మీద కాగితం అంటించి గుండ్రటి అక్షరాలతో 'దావీదు బావి, మంచి నీళ్ళు' అని రాశాను. 'మంచి నీళ్ళు' అని డాక్టరు రాయమనలేదు.

వరండాలో సగం పేట చేరింది. డాక్టరు ఒక్కొక్క చుక్కే అద్దం ముక్క మీద వేసి, కన్ను మూసి కన్ను తెరిచి, చూశాడు, చూశాడు. చివరికి లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా! నేను చూసిన మెట్లబావుల్లో ఒక్క పురుగు కూడా లేనిది ఇదొక్కటే! ఈ బండల్లో ఏదో గుణం ఉండాలి."

"బండల గుణమే సార్! నేనే పరిచినా!"

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన ఆగలేదు. ఊరి బావి బాగుచేసేదాకా ఊళ్ళో పిల్లలందరికీ మా బావి నీళ్ళే పోయించాలన్నాడు. మా బావి నీళ్ళు! ఊరి పిల్లలకు! పేటంతా ఒక్కసారి గుప్పుమంది. యోసేపుకైతే కళ్ళనీళ్ళు తిరిగాయి. "మన బావి అప్పా, మన బావి!" అంటూ వాడు పరుగెత్తుకుపోయి, ఒక చెంబుడు ముంచుకొచ్చి డాక్టరు చేతికిచ్చాడు.

"ముందు నేనే తాగుతాను. అప్పుడు ఊళ్ళోవాళ్ళకు నమ్మకం కుదురుతుంది" అని ఆయన చెంబు ఎత్తాడు.

ఆ చెంబులోవి నేను వడగట్టినవి కావు. నా కాలు నానినవి!

నా కళ్ళ ముందు ఒకవైపు ఇరవై ఒక్క మెట్లు. ఇంకోవైపు ఆ కుర్రాడి తెల్లటి పంట్లాం, దాని కింద వచ్చే ఏడాదికి చీపురుపుల్లకు చుట్టిన పురుగు. నన్ను మీరు అన్న మనిషి! ఆయన తరువాత తాగబోయే ఊరి పిల్లలు. చెంబు పెదవికి తగిలింది.

"తాగొద్దు సార్!" అని అరిచాను. అరుపుతో పాటు నా చెయ్యి కూడా పోయింది. చెంబు ఎగిరి ఆయన నోటుపుస్తకం మీద పడింది.

నేను పంచె పైకెత్తి కాలు చూపించాను. డాక్టరు కాలు చూశాడు, పుల్ల చూశాడు, సీసా చూశాడు.

"ఈ కాలు బావిలో పెట్టారా?"

"దినామూ సార్."

"మరి సీసాలో ఒక్క పురుగూ లేదేం?"

రూతమ్మ వెనకనుంచి, "ఆ తలగుడ్డనడగండి సామీ, అది చెప్తాది" అంది.

సరిగ్గా అప్పుడే తలపాగా నుంచి ఒక చుక్క నా ముక్కు మీదుగా జారి, టప్పున బల్ల మీద పడింది. డాక్టరు మెల్లగా నా తలపాగా తీశాడు, ఎంతో మర్యాదగా. గాజు గిన్నెలో కాసిని మంచినీళ్ళు పోసి, అందులో దాన్ని జాడించి పిండి, ఒక చుక్క యంత్రం కింద పెట్టాడు. చూసి, పక్కకు జరిగి, "రండి, మీ తల మీద ఎవరెవరున్నారో చూడండి" అన్నాడు.

వంగి చూశాను. తిరునాళ్ళే! మీసాలు, తోక, దూకుడు. ఒక్కొక్కదానికీ తల మధ్యలో ఒకటే కన్ను. చచ్చినవి కొన్ని, చావనివి కొన్ని. చావని ఒకటి ఆ ఒంటికన్నుతో నన్నే చూస్తోంది, 'ఏమప్పా దావీదూ, బాగుండావా?' అన్నట్టు. నా తరువాత పేటంతా వరుసలో నిలబడి చూసింది. యోసేపు రెండుసార్లు చూశాడు.

డాక్టరు తిడతాడనుకున్నాను. ఆయన కుర్చీలో కూలబడి పడీపడీ నవ్వాడు. "నెల రోజులుగా నీళ్ళు వడగట్టి తాగండని నేను గొంతు చించుకుంటున్నాను. ఒక్కరూ వినలేదు. మీరు నన్ను మోసం చేయడానికి అదే పని చేసి, అది పనిచేస్తుందని చూపించారు!"

ఆ సాయంత్రమే నాచేత రెండు సీసాలు పట్టించి, రెండు చీటీలు రాయించాడు. 'వడగట్టక ముందు', 'వడగట్టిన తరువాత'. ఈసారి అదనంగా నేనేమీ రాయలేదు.

"మెట్లు, సార్?" అని అడిగాను, ఆశ చావక.

"తీయక తప్పదు. అందరూ వడగడతారని నమ్మకమేముంది? మీరే వడగట్టలేదుగా!"

"అయితే ఇంకెవరూ ముట్టుకోకూడదు. పరిచిన చెయ్యే తీస్తాది" అన్నాను. దానికి మాత్రం ఒప్పుకున్నాడు.

కానీ కాలు మానేదాకా నన్ను నీళ్ళ దగ్గరికి పోనీయలేదు. యోసేపు దిగి బండలు గడ్డపారతో లేపుతుంటే నేను పైన కూర్చుని వాడికి తప్పులు చెప్పాను. ఇరవై బండలు బావి చుట్టూ గోడలో కలిశాయి. మిగిలిన ఒక్కటీ గోడ పక్కన వేసుకుని, కాలు పొడిగా పెట్టుకుని కూర్చుంటున్నాను. గిలక కిర్రుమంటుంటే వినడానికి బాగానే ఉంది. ఎవరైనా అడిగితే ఇప్పుడు 'ఇరవై బండల గోడ' అంటున్నాను.

తలపాగా సగం కత్తిరించి డాక్టరు మద్రాసు పట్టుకుపోయాడు, పరిశోధనకు. మిగతా సగం రూతమ్మ మా నీళ్ళకుండ మూతికి కట్టింది. దాహమైనప్పుడల్లా చెంబు నా చేతిలో పెట్టి, "తాగయ్యా, డాక్టరు నీళ్ళే" అంటుంది.

నిన్న యోసేపు వచ్చి ఆ నీళ్ళే తాగుతూ కుండకేసి చూశాడు. "పాపం, మంచి గుడ్డ. దీనికేం తెలుసు వడగట్టడం, కొత్త పని గదా" అన్నాను నేను.

"కొత్తేముంది అప్పా?" అన్నాడు వాడు మూతి తుడుచుకుంటూ. "నీ తలమీద ఉన్నన్నాళ్ళూ ఒక్క మంచిమాట కూడా లోపలికి పోకుండా అది వడగడ్తానే ఉండె గదా!"