కరెంటు వచ్చాక పది నిమిషాలు

ఆయన బ్యాగులో చెయ్యి పెడితే స్క్రూడ్రైవరు కన్నా ముందు సబ్బుపెట్టె తగులుతుంది. ఏ ఆఫీసులో కంప్యూటరు విప్పినా పనికి ముందు ఒకసారి, పనయ్యాక రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు. అదీ వాళ్ల సబ్బుతో కాదు, తన సబ్బుతో. అందుకే అందరూ ఆయన్ని సబ్బు మెకానిక్ అంటారు. మొహం మీదే అంటారు. ఆయనేమీ అనుకోడు. పాతికేళ్లుగా కంప్యూటర్ల కడుపులో ఏముంటుందో చూస్తున్నవాడికి ఆ పేరు మర్యాదగానే తోస్తుంది.

జనానికి కంప్యూటరంటే తెర మీద బొమ్మ. ఆయనకు మాత్రం అది ఫ్యాను పెట్టి మరీ మురికిని లోపలికి పీల్చుకునే డబ్బా. అందులో బల్లిగుడ్లు, ఉండలు చుట్టుకున్న జుట్టు, గోళ్లముక్కలు, ఎండి తోలు కట్టిన టీ. ఒక లాయరుగారి కీబోర్డు బోర్లించినప్పుడు రాలినదాన్ని చూసి ఆ పూట అన్నం మానేశాడు.

అంతకన్నా అసహ్యం ఆయనకు ఒక మాటంటే. ఏ ఇంటికెళ్లినా గుమ్మంలోనే వినిపిస్తుంది. "నేనేం ముట్టుకోలేదండీ, కరెంటు పోయొచ్చింది, అంతే." కరెంటుకు నోరుంటే పరువునష్టం దావా వేసేదని ఆయన భార్యతో అంటుంటాడు. ఆయన లెక్క ప్రకారం కరెంటు పోయి పాడైన కంప్యూటర్లు పదిలో రెండే. మిగతా ఎనిమిదీ కరెంటు వచ్చాక పది నిమిషాల్లో మనుషులు చేతులారా పాడుచేసినవి. అందుకే ఆయన ఏమైందని అడగడు. "ఆ తర్వాత ఏం చేశారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జనం నేల చూపులు చూస్తారు.

ఆ రోజు పిలుపు చెప్పుల వర్క్‌షాపు నుంచి వచ్చింది. అది మామూలు చెప్పులు కుట్టే చోటు కాదు. పాదం వంకర పోయినవాళ్లకు, ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకు, షుగరుతో వేళ్లు తీసేయించుకున్నవాళ్లకు కొలతపెట్టి బూట్లు చేస్తారు. నడిపేది ఒక పెద్దావిడ, అందరికీ అక్క. ఆమె కంప్యూటరులో నాలుగువందల పన్నెండు మంది పాదాల కొలతలున్నాయి. బూటు అరిగితే వాళ్లు ఫోను చేస్తారు, ఆమె కొలత చూసి కొత్తది కుట్టి పంపుతుంది. నడవలేనివాళ్లను మళ్లీ మళ్లీ రప్పించకూడదనే ఆ ఏర్పాటు.

ముందురోజు మధ్యాహ్నం పోయిన కరెంటు మర్నాడు పదింటికి వచ్చింది. సబ్బు మెకానిక్ పదకొండింటికి వెళ్లేసరికి కంప్యూటరు ముందు అక్క మరిది కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ఫోన్లో వీడియోలు చూసి చూసి తనకు అన్నీ వచ్చనుకునే రకం.

"నేనేం చెయ్యలేదన్నా," అన్నాడు లేస్తూనే.

"అడగలేదు కదా. ఆన్ చేస్తే ఏమొచ్చింది?"

"నల్లగా వచ్చి డిస్కు లేదంది."

"ఆ తర్వాత?"

మరిది వదిన వైపు చూశాడు. అక్క కత్తెర బల్ల మీద పెట్టి, "చెప్పు. ఇందాక నాకు చెప్పావుగా, ఐదు నిమిషాల పని అని," అంది.

"పెన్‌డ్రైవ్‌లో కొత్త విండోస్ ఉంటే వేశాను. అది అడిగినవాటికల్లా ఓకే కొట్టాను. బాగానే అయింది. చూడు, తళతళలాడుతోంది."

నిజంగానే తళతళలాడుతోంది. తెర మీద ఒక్క ఫైలు కూడా లేదు.

సబ్బు మెకానిక్ కంప్యూటరు మూత విప్పాడు. జిగురు వాసన, తోలుపొడి, మధ్యలో కాళ్లు పైకి పెట్టి చచ్చిన బొద్దింకలు. ముక్కు చిట్లించి, బ్రష్షుతో వాటిని కాగితం మీదికి తోసి, లోపల నాణెమంత బ్యాటరీని పీకి మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"చూశావా? కరెంటు లేనప్పుడు తారీఖునీ, ఏ డిస్కుతో మొదలవ్వాలన్న సంగతినీ గుర్తుపెట్టుకునేది ఇదే. రోజూ రాత్రంతా ఎలాగోలా ఈదుకొచ్చేది, ఈసారి ఒడ్డు చేరలేదు. ఇది మార్చి రెండు మీటలు నొక్కితే అయిపోయేది. డిస్కు శుభ్రంగా ఉందయ్యా! ఒంట్లో నలతగా ఉందంటే ఊపిరి తీసేశావు. నీకు చేతులెందుకిచ్చాడు దేవుడు?"

"తెలీక..."

"తెలీనివాడు ఊరుకుంటాడు. సగం తెలిసినవాడే ఓకేలు కొడతాడు."

మరిది మొహం మాడిపోయింది. అక్క కుర్చీలో కూలబడింది. "తమ్ముడూ, కొలతలన్నీ పోయినట్టేనా?"

"కంగారుపడకక్కా. బ్యాకప్ ఉంది. నేనే పెట్టానుగా."

చేతులు కడుక్కొచ్చాడు. బల్ల వెనక తాను అతికించిపోయిన చిన్న డిస్కు అలాగే ఉంది. తీగ బిగించి తెరిచాడు. లోపల ఒకే ఒక ఫైలు. ముప్ఫైఎనిమిది పేర్లు. తారీఖు రెండున్నరేళ్ల కిందటిది, ఆయన దాన్ని బిగించిన రోజుది.

మొదట డిస్కు పాడైందనుకున్నాడు. పాడవలేదు. తర్వాతి రోజుల కాపీలు వెతికాడు. ఒక్కటీ లేదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి దానంతటది కాపీ అయ్యేలా పెట్టాడు తను. ఎక్కడికెళ్లినా తొమ్మిదే పెడతాడు, చేతికి అలవాటైపోయింది. ఎందుకు కాలేదు?

తలెత్తితే స్విచ్‌బోర్డు పైన అట్టముక్క కనిపించింది. ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు. 'జిగురు ఉంది, నిప్పంటుకుంటుంది. ఆరింటికి మెయిన్ కట్టేయాలి.' అట్ట అంచులు నల్లబడ్డాయి, ఏళ్ల నాటిది. డిస్కు బిగించిన రోజు సరిగ్గా దాని కిందే నిలబడి అక్క ఇచ్చిన టీ తాగాడు. చదివాడు కూడా. తొమ్మిదింటికి ఈ గదిలో కరెంటన్నది ఏనాడూ లేదు.

బొద్దింకలను చూసినప్పుడు కూడా ఆయనకు ఇంత రోత పుట్టలేదు.

ఇంకో సంగతీ గుర్తొచ్చింది. అప్పట్లో అక్క దగ్గర గోధుమరంగు కాగితాల కట్టలుండేవి, మనుషుల్ని నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీసినవి. చెమట మరకలు, ఎలుక కొరుకుళ్లు. ముక్కు మూసుకుని ఆయనే అన్నాడు. "ఈ చెత్తంతా ఎందుకక్కా, ఎక్కించేశాక పారెయ్. కంప్యూటర్లో భద్రం." ఆమె అలాగే చేసింది.

మరిది మూల నిలబడి గోరు కొరుకుతున్నాడు. నేరం అప్పటికే అతని మెడకు చుట్టుకుని ఉంది. సబ్బు మెకానిక్ ఒక్కమాట అంటే చాలు, ఓకే కొట్టినప్పుడు బ్యాకప్ కూడా చెరిగిపోయింది అని. ఈ గదిలో కాదనగలిగేవాళ్లెవరూ లేరు. మాట నాలుక చివరికొచ్చింది కూడా. అది ఎలాంటి మాటో ఆయనకు బాగా తెలుసు, పాతికేళ్లుగా గుమ్మాల్లో వింటున్నదే. తన నోట్లో దాని రుచి పాచిలా తగిలింది.

"అక్కా, నేను బిగించిపోయాక బ్యాకప్ ఒక్కరోజు కూడా అవలేదు," అన్నాడు. "మీరు ఆరింటికి కట్టేస్తారు. నేను తొమ్మిదికి పెట్టాను. ఆ తర్వాత ఒక్కసారీ వచ్చి చూళ్లేదు. ఈయన చేసింది ఒక తప్పు. నేను చేసింది రెండున్నరేళ్లుగా జరుగుతున్న తప్పు."

మరిది గోరు కొరకడం ఆపాడు. "అయితే దేవుడు చేతులెందుకిచ్చాడని నన్నొక్కణ్ణే అడిగావేం?"

"నువ్వు నోర్ముయ్," అంది అక్క. కత్తెర చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీదే పెట్టేసింది. అరిచుంటే బాగుండుననిపించింది ఆయనకు. చివరికి, "కాగితాలు నీ మాట మీదే తగలబెట్టాను తమ్ముడూ," అంది, అంతే.

కంప్యూటరులోని డిస్కు ఇంటికి పట్టుకెళ్లి, చెరిగినవి వెతుకుతూ మూడు రోజులు కూర్చున్నాడు. కొత్త విండోస్ ఎక్కినచోట పాత ఫైలు దొరకదు. పేర్లూ ఫోను నంబర్లూ ఉన్న జాబితా మొత్తం వచ్చింది. పాదాల కొలతలు మాత్రం నూట అరవైమందివే వచ్చాయి. మిగతావాళ్లకు అక్క ఫోన్లు చేసింది. కొందరు తిట్టారు. ఒకరిద్దరు ఇక రాలేమన్నారు. వచ్చేవాళ్లకు ఆదివారాలు చెప్పింది.

ఆదివారాలు ఆయన కూడా వెళ్లాడు. ఎవరూ రమ్మనలేదు. అక్క కుర్చీ చూపించలేదు, ఒక పెన్సిలు మాత్రం చేతికిచ్చింది. నేల మీద కూర్చుని, ఎవరెవరివో పాదాలు చేత్తో పట్టుకుని, కాగితం మీద నిలిపి, చుట్టూ గీత గీశాడు. పగిలిన మడమలు, ఆనెలు, పసుపెక్కిన గోళ్లు, కట్టు విప్పితే గుప్పుమనే వాసన. ఒక్కో పాదం అయ్యాక లేచి తన సబ్బుతో చేతులు కడుక్కొచ్చేవాడు. అసహ్యం తగ్గలేదు, అబద్ధమెందుకు. మరిది మాత్రం తలుపు దగ్గర నిలబడి చోద్యం చూసేవాడు.

మూడో ఆదివారం, రెండువేళ్లు లేని ఒక ముసలాయన కాలు ముందుకు చాపి కిందికి వంగి చూశాడు.

"పెన్సిలు అంత దూరంగా పట్టుకున్నావేం బాబూ? ఆనించి గియ్యి. నీకు రోత అని వదులుగా గీస్తే నాకు బూటు వదులైపోద్ది."

సబ్బు మెకానిక్ ఆ మడమను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, పెన్సిలు చర్మానికి ఆనించి మళ్లీ మొదటినుంచి గీశాడు.